మొదటి ఏడాది గట్టెక్కడం

అమెరికా కాలేజీల్లో చదువు మధ్యలో ఆపేసేవారిలో పెద్ద భాగం మొదటి ఏడాదిలోనే ఆపేస్తారు. ఆ దేశంలో విద్యార్థుల నమోదు వివరాలు సేకరించే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ లెక్క ప్రకారం, 2022 విద్యా సంవత్సరం మొదట్లో కొత్తగా చేరినవారిలో మరుసటి ఏడాది అదే కాలేజీకి తిరిగొచ్చినవారు సుమారు 68 శాతం. వేరే కాలేజీకి మారినవారిని కూడా కలిపితే, ఏదో ఒకచోట చదువు సాగిస్తున్నవారు 76 శాతం పైచిలుకు తేలారు. మిగిలినవారు, అంటే దాదాపు నలుగురిలో ఒకరు, ఏడాది తిరిగేసరికి ఏ కాలేజీ హాజరుపట్టీలోనూ లేరు. ఈ నష్టాన్ని తగ్గించడానికి అక్కడి కాలేజీలు యాభై ఏళ్లుగా నమ్ముకున్న ఏర్పాట్లలో ముఖ్యమైనది ఫస్టియర్ సెమినార్.

కొత్తగా చేరినవారిని ఇరవై, పాతిక మంది చొప్పున చిన్న తరగతులుగా చేసి, ఒక సెమిస్టరు పాటు, వారానికి ఒకటి నుంచి మూడు గంటలు ఒకే అధ్యాపకుడికి అప్పగించే కోర్సు ఇది. చాలాచోట్ల దీనికి క్రెడిట్లు ఉంటాయి, మార్కులూ ఉంటాయి. కొన్ని కాలేజీలు దీన్ని తప్పనిసరి చేశాయి, కొన్ని విద్యార్థి ఇష్టానికి వదిలేశాయి. పాఠ్యాంశం కూడా ఒక్క తీరుగా ఉండదు. కాలేజీ వాతావరణాన్ని, చదివే పద్ధతులను పరిచయం చేసే సెమినార్లు ఒక రకం. వాతావరణ మార్పు గురించో, జాజ్ సంగీతం గురించో, ఒకే నవల గురించో సెమిస్టరంతా లోతుగా చర్చించే సెమినార్లు ఇంకో రకం. ఇంజినీరింగ్, నర్సింగ్ వంటి వృత్తి విద్యల్లో ఆ రంగానికే ముడిపెట్టి నడిపేవీ ఉన్నాయి.

కాలేజీలు ఈ కోర్సు మీద ఎందుకింత డబ్బు, మనుషులను పెడుతున్నాయో తెలియాలంటే, పిల్లలు ఎందుకు మానేస్తారో ముందు చూడాలి. తెలివి చాలక, పరీక్షలు తప్పి వెళ్లిపోతారన్నది జనంలో పాతుకుపోయిన అభిప్రాయం. లెక్కలు అలా చెప్పవు. ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన సిరక్యూస్ విశ్వవిద్యాలయ సమాజశాస్త్రవేత్త విన్సెంట్ టింటో అంచనా ప్రకారం, మార్కులు రాక కాలేజీయే పంపించేసినవారు మొత్తం వెళ్లిపోయినవారిలో పావు వంతు కంటే తక్కువ. మిగతావారు తమంతట తామే వెళతారు. ఫీజు కట్టలేక కొందరు, ఇంట్లో జబ్బుపడ్డవారిని చూసుకోవడానికి కొందరు, ఉద్యోగానికీ తరగతికీ వేళలు కుదరక కొందరు వెళతారు. క్యాంపస్‌లో పలకరించే మనిషి లేక, ఇది తన చోటు కాదనిపించి వెళ్లేవారూ తక్కువేమీ కాదు. ఈ కారణాలు చాలాసార్లు విడివిడిగా రావు. వారానికి ముప్పై గంటలు దుకాణంలో పనిచేసే కుర్రాడికి మొదటి పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ప్రొఫెసర్ని అడగాలంటే బెరుకు. తోటివాళ్లతో పరిచయం పెంచుకునే తీరిక లేదు. అక్టోబరు వచ్చేసరికి తరగతులకు వెళ్లడం తగ్గిపోతుంది, జనవరిలో పేరు నమోదు చేసుకోడు. కాలేజీ రికార్డులో మాత్రం ఏదో ఒక్క కారణమే పడుతుంది, చాలాసార్లు అదీ పడదు.

మొదటి ఏడాది వారికి ప్రత్యేక కోర్సు అన్న ఆలోచన పాతదే. బోస్టన్ విశ్వవిద్యాలయంలో 1888లోనే అలాంటి తరగతి నడిచింది. ఒరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీ 1911లో దానికి క్రెడిట్లు కూడా ఇచ్చింది. 1960ల నాటికి ఈ కోర్సులు చాలావరకు మూలపడ్డాయి. గ్రంథాలయం ఎక్కడుందో, హాస్టల్ నియమాలేమిటో చెప్పడానికి క్రెడిట్లు ఎందుకన్నది అప్పటి అధ్యాపకుల అభ్యంతరం. హార్వర్డ్‌లో 1959లో మొదలైన ఫ్రెష్‌మన్ సెమినార్ల దారి వేరు. పేరున్న ప్రొఫెసర్ల ముందు కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి చదువు రుచి చూపించడమే వాటి ఉద్దేశం. చదువు మానేయకుండా ఆపడం వాటి పని కాదు.

ఇప్పుడున్న రూపానికి పునాది పడింది దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో. 1970 మే నెలలో, కంబోడియా మీద అమెరికా దాడికీ, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయినందుకూ నిరసనగా దేశమంతా క్యాంపస్‌లు అట్టుడికాయి. కొలంబియా నగరంలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పరిపాలనా భవనంలోకి చొచ్చుకెళ్లారు. గొడవను అణచడానికి నేషనల్ గార్డ్ దిగింది, బాష్పవాయువు ప్రయోగించారు. ఆ తర్వాత ప్రెసిడెంట్ థామస్ జోన్స్ క్రమశిక్షణ చర్యలతో సరిపెట్టుకోలేదు. విద్యార్థులకు విశ్వవిద్యాలయం మీద ఇంత కోపం ఎందుకొచ్చిందన్న ప్రశ్న వేసుకున్నారు. విద్యార్థికి విద్యాసంస్థ మీద ప్రేమ పుట్టాలంటే అధ్యాపకులు అతన్ని చూసే తీరు ముందు మారాలన్న నిర్ణయానికి వచ్చారు. 1972లో మొదలైన యూనివర్సిటీ 101 కోర్సు ఆ ఆలోచన ఫలితం. ఈ కథలో గమనించదగ్గ విషయం ఇదే: ఆ కోర్సు మొదట్నుంచీ విద్యార్థులకు ఎంత ఉద్దేశించిందో, అధ్యాపకులకూ అంతే ఉద్దేశించింది. దాన్ని బోధించాలనుకున్నవారు ముందుగా శిక్షణ శిబిరంలో కూర్చోవాలి. ఉపన్యాసం ఇవ్వడం పక్కనబెట్టి, వినడం, చర్చ నడపడం, ఒక్కొక్కరినీ పేరుతో పిలవడం అక్కడ నేర్చుకోవాలి.

1974లో ఈ కార్యక్రమం చరిత్ర బోధించే యువ అధ్యాపకుడు జాన్ గార్డ్‌నర్ చేతికి వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని మెరియెటా కాలేజీలో తన మొదటి సెమిస్టరులో మార్కులు బాగా పడిపోయి ప్రొబేషన్‌లో పడ్డ సంగతి ఆయన తర్వాత ఎన్నో సభల్లో దాచకుండా చెప్పారు. గార్డ్‌నర్ 1999 దాకా యూనివర్సిటీ 101ను నడిపారు. 1982లో ఇతర కాలేజీలవారిని పిలిచి కొలంబియాలో సమావేశం పెట్టారు. 1986లో మొదటి ఏడాది చదువు మీద పరిశోధనకు జాతీయ కేంద్రం అక్కడే వెలిసింది. 1990లో అమెరికా చట్టసభ చేసిన స్టూడెంట్ రైట్ టు నో చట్టం ఈ ఉద్యమానికి ఇంకో ఊతమైంది. చేరిన విద్యార్థుల్లో ఎంతమంది డిగ్రీతో బయటికొస్తున్నారో కాలేజీలు బహిరంగంగా చెప్పాలని ఆ చట్టం కోరింది. అప్పటిదాకా తలుపుల వెనక ఉన్న అంకె తల్లిదండ్రుల కంట పడేసరికి చాలా కాలేజీలు సెమినార్ల వైపు మళ్లాయి.

ఈ తరగతిలో జరిగేదేమిటో దగ్గరగా చూస్తే దాని విలువ కొంత అర్థమవుతుంది. మొదటి వారాల్లో చాలాచోట్ల చేయించే పని ఒకటుంది. వారంలో ఉన్న 168 గంటలనూ విద్యార్థి ఒక పట్టికలో పెట్టాలి. తరగతులకు 15 గంటలు. అమెరికా లెక్కలో తరగతిలో గడిపిన ప్రతి గంటకూ బయట రెండు గంటలు చదవాలి కాబట్టి చదువుకు 30. నిద్రకు 56. ఉద్యోగానికి 20. తిండి, స్నానం, బట్టలు, ప్రయాణాలకు ఇంకో 28. అంతా కలిపితే 149 అవుతుంది, 19 గంటలు మిగలాలి. అప్పుడు కిందటి వారం నిజంగా ఎలా గడిచిందో పక్క వరుసలో రాయమంటారు. చదువుకని పెట్టుకున్న 30 గంటల చోట తొమ్మిదో పదో కనిపిస్తాయి. ఎవరూ తిట్టరు. పక్కనున్న విద్యార్థి పట్టికా అలాగే ఉందని తెలియడమే చాలామందికి ఊరట. అక్కణ్నుంచి ఆ గంటలు ఎక్కడికి పోయాయన్న మాట మొదలవుతుంది.

ఇంకో వారం అన్ని కోర్సుల సిలబస్‌లూ తెచ్చుకోమంటారు. అమెరికాలో ప్రతి ప్రొఫెసరూ సెమిస్టరు మొదట్లోనే పరీక్షల తేదీలు, వ్యాసాల గడువులు, మార్కుల వాటాలు రాసిన కాగితం ఇస్తారు. వాటినన్నిటినీ ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కిస్తే అక్టోబరులో ఒకే వారంలో మూడు పరీక్షలూ ఒక వ్యాసం గడువూ మీదపడుతున్నట్టు తెలుస్తుంది. తల్లిదండ్రులు కాలేజీ చదివినవారి ఇంట ఈ పని సెలవుల్లోనే ఎవరో ఒకరు నేర్పి ఉంటారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు నేర్పేవారు లేరు.

ఆఫీస్ అవర్స్ సంగతీ అంతే. ప్రతి ప్రొఫెసర్ గది తలుపు మీదా వారానికి రెండు మూడు గంటలు విద్యార్థులను కలిసే వేళలు రాసి ఉంటాయి. ఆ వేళలో ఎవరూ పిలవకుండానే విద్యార్థి వెళ్లొచ్చు, అర్థం కాని లెక్క అడగొచ్చు. కానీ పాత స్కూల్లో మాస్టారు గదికి పిలిస్తే తప్పు చేసినట్టే లెక్క అనుకునే పిల్లలు ఆ తలుపు తట్టరు. అందుకని సెమినార్‌లో అదే ఒక అసైన్‌మెంట్‌గా ఇస్తారు: మూడో వారంలోపు ఒక ప్రొఫెసర్ గదికి వెళ్లి పది నిమిషాలు మాట్లాడి రావాలి, ఏం మాట్లాడారో అర పేజీ రాయాలి. ఒకసారి వెళ్లొచ్చినవారికి రెండోసారి వెళ్లడం కష్టం కాదు. గ్రంథాలయంలో వెతకడం, మేజర్ ఎంచుకోవడం, అప్పులూ క్రెడిట్ కార్డులూ, మద్యం, నిద్ర, మనోవ్యాకులత, ఇతరుల రాతను తనదిగా చూపించడం వంటివన్నీ మిగతా వారాల్లో వస్తాయి. దక్షిణ కరోలినాలో 1993 నుంచి పై తరగతి విద్యార్థి ఒకరు అధ్యాపకుడికి తోడుగా ఉంటున్నారు. కొత్తవాళ్లు మాస్టారితో చెప్పలేనిది ఆ అన్నకో అక్కకో చెబుతారు.

ఇలాంటి తరగతి మనిషిని కాలేజీలో ఎందుకు నిలబెడుతుందన్న దానికి ఎక్కువమంది ఆశ్రయించే సిద్ధాంతం టింటోదే. 1975లో రాసిన వ్యాసంలోనూ, 1987లో వెలువడిన ‘లీవింగ్ కాలేజ్’ పుస్తకంలోనూ ఆయన దాన్ని వివరించారు. ఆత్మహత్యల మీద ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమీల్ డర్క్‌హైమ్ చేసిన అధ్యయనం దానికి ఒక ఆధారం. సమాజంతో బంధం సడలినప్పుడు మనిషి ఆ సమాజాన్ని వదిలేస్తాడన్న డర్క్‌హైమ్ ఆలోచనను టింటో కాలేజీకి అన్వయించారు. విద్యార్థికి చదువుతోనూ, మనుషులతోనూ బంధం కుదరాలి. రెండిటిలో ఒక్కటైనా బలంగా ఉంటే కొంతకాలం నెట్టుకొస్తాడు, రెండూ లేకపోతే వెళ్లిపోతాడు. టింటో మానవశాస్త్రవేత్త ఆర్నాల్డ్ వాన్ జెన్నెప్ నుంచి కూడా ఒక ఊహ తీసుకున్నారు. ఒక దశ నుంచి ఇంకో దశకు మారే మనిషి పాత గూటి నుంచి విడిపోయి, మధ్యలో కొంతకాలం ఎటూ కాకుండా ఉండి, తర్వాత కొత్త సమూహంలో కలుస్తాడు. మొదటి ఏడాది విద్యార్థి ఆ మధ్య దశలో ఉంటాడు.

ఈ రెండో ఊహకు గట్టి విమర్శ వచ్చింది. విలియం టియర్నీ 1992లో ఆదివాసీ అమెరికన్ విద్యార్థుల అనుభవాన్ని ముందుపెట్టి వాదించారు: కాలేజీ మరొకరి సంస్కృతిలో కట్టిన చోటైనప్పుడు, తన వాళ్లను వదులుకుని రమ్మనడం విద్యార్థిని కలుపుకోవడం ఎలా అవుతుంది? ఇంటితో బంధమే చాలామందికి చదువులో నిలిచే బలం. లారా రెండాన్ 1994లో ఇంకో మాట జోడించారు. పేద, వలస కుటుంబాల పిల్లలు తామే చొరవ తీసుకుని కలిసిపోవాలని ఎదురుచూడకూడదని, నువ్వు ఇక్కడ చదవగలవని సంస్థే ముందుగా, పదేపదే చెప్పాలని ఆమె వాదన. ఈ విమర్శల తర్వాత మంచి సెమినార్లు ఇంటివారిని మర్చిపొమ్మనే ధోరణి వదిలేశాయి. టింటో కూడా తర్వాతి రచనల్లో తరగతి గదికే ప్రాధాన్యం పెంచారు. ఇంటి నుంచి వచ్చి పాఠం అయ్యాక ఉద్యోగానికి పరిగెత్తే విద్యార్థికి కాలేజీ అంటే ఆ గది ఒక్కటే గదా.

ఒంటరితనం చదువును ఎలా దెబ్బతీస్తుందో బర్క్‌లీలో గణితం బోధించిన యూరీ ట్రైస్‌మన్ 1970లలో కళ్లకు కట్టినట్టు చూశారు. అక్కడ క్యాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు, చైనా సంతతివారు బాగా రాణిస్తున్నారు. పట్టుదల లేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని, పునాది సరిగా లేదని సహోద్యోగులు తలా ఒక కారణం చెప్పారు. ట్రైస్‌మన్ రెండు బృందాల విద్యార్థుల వెంటా వెళ్లి వాళ్లు ఎలా చదువుతున్నారో గమనించారు. ఆ కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు కష్టపడి, నియమంగా చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా సంతతివారు విడిగా చదివాక రాత్రి ఒకచోట చేరి సమాధానాలు సరిచూసుకుంటున్నారు, ఎక్కడ తప్పారో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒంటరిగా చదివే పిల్లకు తను చేసిన లెక్క తప్పని తెలిసేది పరీక్షలోనే. ట్రైస్‌మన్ దీనికి రెమెడియల్ తరగతి పెట్టలేదు. మామూలు కంటే కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయించే వర్క్‌షాపు పెట్టారు. అందులో చేరిన నల్లజాతి విద్యార్థుల మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరిగాయి. వెనకబడినవారికి తేలిక పాఠం అనే అలవాటుకు ఇంత మంచి జవాబు విద్యారంగంలో అరుదు.

మరి సెమినార్లు నిజంగా విద్యార్థులను నిలబెడుతున్నాయా? దక్షిణ కరోలినాలో పాల్ ఫిడ్లర్ ఏళ్ల తరబడి లెక్క కట్టి, యూనివర్సిటీ 101 తీసుకున్నవారు తీసుకోనివారి కంటే ఎక్కువగా రెండో ఏడాదికి తిరిగొస్తున్నారని చూపారు. దీన్ని ఉన్నదున్నట్టు నమ్మడానికి ఒక అడ్డంకి ఉంది. కోర్సు ఐచ్ఛికమైనప్పుడు, దాన్ని ఎంచుకునే విద్యార్థే ఎక్కువ ఆసక్తి ఉన్నవాడు కావచ్చు. కోర్సు లేకపోయినా అతను నిలిచేవాడేమో. ఈ అనుమానం తీరాలంటే చేరాలనుకున్నవారిలోంచి చీటీ తీసి కొందరికి మాత్రమే అవకాశమివ్వాలి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలా చేసిన అధ్యయనం 1993లో వెలువడింది. అక్కడా సెమినార్‌లో కూర్చున్నవారే ఎక్కువగా నిలిచారు.

2016లో పెర్మ్‌జాడియన్, క్రెడె అనే పరిశోధకులు వందలాది అధ్యయన ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. లక్షన్నరకు పైగా విద్యార్థుల సమాచారం అందులో ఉంది. తేలిందేమిటంటే, సగటున సెమినార్ వల్ల మొదటి ఏడాది మార్కుల్లో వచ్చే తేడా దాదాపు శూన్యం, రెండో ఏడాదికి తిరిగి రావడంలో వచ్చే మేలు చిన్నది. ఈ సగటు చూసి సెమినార్ దండగ అనేవారున్నారు. అది తొందరపాటు. అదే అధ్యయనం సగటు వెనక ఉన్న తేడాలను కూడా చూపింది. కాలేజీ జీవితాన్ని పరిచయం చేసే సెమినార్లు ఏదో ఒక అంశం మీద నడిచే సెమినార్ల కంటే ఎక్కువగా విద్యార్థులను నిలిపాయి. పీజీ విద్యార్థులతో చెప్పించిన చోట కంటే, అధ్యాపకులూ శాశ్వత సిబ్బందీ బోధించిన చోట ఫలితం మెరుగు. వెనకబడే ప్రమాదం ఉందని ముద్రవేసి కొందరినే కూర్చోబెట్టిన చోట కంటే, మొదటి ఏడాది వారందరికీ పెట్టిన చోట మేలు ఎక్కువ. ముద్ర పడిన తరగతిలో కూర్చోవడం ఏ పిల్లకైనా నామోషీయే.

కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చి వేయాలి. ఏ సెమినార్, ఎవరు చెప్పేది, దాని చుట్టూ ఇంకేం ఉంది? వారానికి ఒక గంట, నెలకు ఒకసారి మారే అతిథి ఉపన్యాసకుడు, చివర్లో ఒక బహుళైచ్ఛిక పరీక్ష అన్న పద్ధతిలో నడిపితే అది కాలేజీ చేతి పుస్తకాన్ని పైకి చదవడమే అవుతుంది. పేర్లు తెలిసిన ఒక పెద్ద మనిషి, గైర్హాజరైతే ఫోన్ చేసే ఏర్పాటు, చేసిన పనికి వారంలోపు జవాబు ఉన్నచోట ఆ కోర్సు కాలేజీకి చెవిలా పనిచేస్తుంది. ఎవరు జారిపోతున్నారో ముందుగా తెలిసేది అక్కడే.

తెలిశాక ఏం చేయాలన్నది సెమినార్ పరిధిలో లేదు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన రెండేళ్ల కాలేజీల్లో మొదలుపెట్టిన ఏసాప్ కార్యక్రమం ఆ మిగతా పని ఎలా ఉంటుందో చూపింది. అందులో చేరినవారు ఫుల్‌టైమ్ చదవాలి. సలహాదారును తరచూ కలవాలి, ఆ సలహాదారు చేతిలో ఉండే విద్యార్థుల సంఖ్యా తక్కువ. లక్ష్యాలు, చదివే పద్ధతుల మీద ఒక సెమినార్ ఉంటుంది. ఆర్థిక సాయం పోగా మిగిలిన ఫీజును కాలేజీయే భరిస్తుంది, పుస్తకాలు ఉచితం, సబ్‌వే, బస్సు ప్రయాణాల కార్డు ఉచితం. చీటీ పద్ధతిన జరిగిన పరీక్షలో, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారు ఏసాప్‌లో 40 శాతం, మామూలు విద్యార్థుల్లో 22 శాతం. ఆ తర్వాత ఒహాయోలో మూడు కాలేజీలు దీన్ని అనుసరిస్తే అక్కడా పట్టా పొందినవారు దాదాపు రెట్టింపయ్యారు. ఆ ప్రయాణ కార్డు చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ బస్సు డబ్బుల్లేక పరీక్ష తప్పిన విద్యార్థికి సమయపాలన మీద ఎంత మంచి పాఠం చెప్పినా ప్రయోజనం ఉండదు.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం ఇంకో ఉదాహరణ. 2003లో అక్కడ ఆరేళ్లలో డిగ్రీ పూర్తిచేసేవారు 32 శాతమే. కొత్త విద్యార్థులను పాతిక మంది చొప్పున ఒకే తరగతులు కలిసి చదివే బృందాలుగా చేశారు. మార్కులు, హాజరు వంటి సంకేతాలను రోజూ గమనిస్తూ, గాడి తప్పుతున్న విద్యార్థిని సలహాదారు ముందే పిలిచే వ్యవస్థ తెచ్చారు. ఫీజులో కొన్ని వందల డాలర్ల బకాయి ఉందన్న కారణంతో ఏటా పేర్లు కొట్టేస్తున్న విద్యార్థుల జాబితా చూసి, ఆ చిన్న మొత్తాన్ని విశ్వవిద్యాలయమే చెల్లించే పద్ధతి 2011లో మొదలుపెట్టారు. పదిహేనేళ్లలోపే ఆ 32 శాతం 54 దాకా పెరిగింది. అంతకంటే పెద్ద మార్పు ఏమిటంటే, నల్లజాతి, లాటినో, పేద కుటుంబాల విద్యార్థులు మిగతావారితో సమానంగా పట్టా అందుకుంటున్నారు. విద్యార్థులను మార్చకుండా సంస్థ తన పద్ధతులను మార్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇది నా చోటు కాదన్న భావం మీదా సూటిగా పరీక్షలు జరిగాయి. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల మాటలు చదివించారు. మొదట్లో అందరికీ బెరుకూ ఒంటరితనమూ ఉంటాయని, కాలంతో అవి తగ్గుతాయని వాటి సారాంశం. తర్వాత ఆ విద్యార్థుల చేతే తర్వాతి బ్యాచ్‌కు అదే విషయం చెప్పించారు. గంటసేపు సాగిన ఈ పని తర్వాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవారితో ఉన్న అంతరం సగానికి తగ్గింది. 2023లో 22 కాలేజీల్లో, దాదాపు 27 వేలమందితో ఇలాంటిదే మళ్లీ చేసినప్పుడు ఒక షరతు బయటపడింది. విద్యార్థి నేపథ్యం వారికి కలిసిపోయే అవకాశాలు నిజంగా ఉన్న కాలేజీల్లోనే అది పనిచేసింది. నీకు చోటుందని చెబితే సరిపోదు, చోటు ఉండాలి.

భారతదేశంలో దీనికి దగ్గరి ఏర్పాటు ఇంజినీరింగ్ కాలేజీల ఇండక్షన్ ప్రోగ్రామ్. ఐఐటీ గాంధీనగర్ 2011లో కొత్త విద్యార్థులకు ఫౌండేషన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. మానవ విలువల మీద హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ అంతకు ముందు నుంచే మొదటి ఏడాది వారికి తరగతులు నడుపుతోంది. ఈ అనుభవాలను ఆధారం చేసుకుని ఏఐసీటీఈ 2017 తర్వాత మూడు వారాల ఇండక్షన్‌ను దేశమంతటి ఇంజినీరింగ్ కాలేజీలకు నిర్దేశించింది. ఆటలు, కళలు, మానవ విలువలు, ఊరు చూడడం, బ్రాంచి పరిచయం అందులో ఉంటాయి. విద్యార్థులను ఇరవై మంది చొప్పున ఒక అధ్యాపక మెంటార్‌కు అప్పగించాలని దాని ఉద్దేశం. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో మిగతా డిగ్రీ కాలేజీలకూ ఇలాంటి మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ ఏర్పాటు అవసరం ఇంకా ఎక్కువ. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వారం వారం పరీక్షలు, వార్డెన్ నిఘా మధ్య గడిపిన పిల్లలు ఒక్కసారిగా ఎవరూ ఏమీ అడగని చోటికి వస్తారు. తన 168 గంటలను తానే పంచుకోవాల్సిన అవసరం అప్పటిదాకా రాని పిల్లలు వీళ్లు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవారికి ఇంగ్లిష్ పాఠం అర్థం కాకపోయినా అడగడానికి నోరు రాదు. ఒక్క సెమిస్టరులో ఐదారు సబ్జెక్టులు పోతాయి, అవి బ్యాక్‌లాగ్‌లుగా పేరుకుంటాయి, కావలసిన క్రెడిట్లో హాజరో చాలక డిటైన్ అవుతారు. మూడు వారాల ఇండక్షన్ సెమిస్టరు మొదట్లోనే ముగుస్తుంది. ఈ కష్టాలు మొదలయ్యేది మొదటి మిడ్ పరీక్షల తర్వాత. చాలా కాలేజీల్లో ఆ మూడు వారాల్ని కూడా కుదించి, అతిథుల ఉపన్యాసాలతో ఆడిటోరియంలో కానిచ్చేస్తారు. మెంటార్ పేరు కాగితం మీద ఉంటుంది, విద్యార్థి ఆయన్ని కలిసేది సంతకం కోసం. అమెరికా అనుభవం నుంచి తీసుకోదగ్గ మొదటి పాఠం కార్యక్రమాల జాబితా కాదు. సెమిస్టరంతా సాగే చిన్న తరగతి, దానికి టైమ్‌టేబుల్‌లో గంట, దాన్ని చెప్పే అధ్యాపకుడికి పనిభారంలో లెక్క.

ఎంతమంది మానేస్తున్నారో తెలుసుకోవడమూ ఇక్కడ కష్టమే. ఈసెట్ రాసిన డిప్లొమా విద్యార్థులు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో, అంటే లేటరల్ ఎంట్రీలో, చేరతారు కాబట్టి, మొదటి ఏడాదిలో ఖాళీ అయిన బెంచీలు మళ్లీ నిండినట్టే కనిపిస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఏడాది చదివి ఆపేసినవారికి సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. తర్వాత తిరిగొచ్చి కొనసాగించే వీలు కూడా ఉంది. డబ్బు కోసమో ఇంటి అవసరం కోసమో ఆగినవారికి ఇది మంచి వెసులుబాటు. కానీ కాలేజీ పట్టించుకోక వెళ్లిపోయిన విద్యార్థి కూడా అదే ఖాతాలో చేరే ప్రమాదం ఉంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు కాలేజీలు పంపే వివరాల్లో మాత్రం ఒక ఆధారం దొరుకుతుంది. మొదటి ఏడాదిలో ఎందరు చేరారో, లేటరల్ ఎంట్రీలో ఎందరు కలిశారో, నిర్ణీత కాలంలో ఎందరు పూర్తిచేశారో అందులో విడివిడిగా రాయాలి. ర్యాంకులకు దరఖాస్తు చేసిన కాలేజీల వెబ్‌సైట్లలో ఆ పత్రం ఉంటుంది. అలా చేరిన రెండు బృందాల మొత్తంలోంచి పూర్తిచేసినవారిని తీసేస్తే మిగిలే అంకెలో మానేసినవారు, డిటైన్ అయినవారు, బ్యాక్‌లాగ్‌లు తీరనివారు కలిసే ఉంటారు. వాళ్లలో మొదటి ఏడాదిలోనే వెళ్లిపోయినవారెందరో ఆ పట్టిక చెప్పదు. అది తెలియాలంటే మొదటి ఏడాది చేరినవారిలో రెండో ఏడాది మొదటి రోజున హాజరైనవారెందరో కాలేజీలు విడిగా రాసిపెట్టాలి. ఆ పని ఏ కాలేజీ అయినా ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.